విమానాల బయలు చివర సున్నపు రాళ్ళు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఇంట్లో అందరూ అంటారు. ఉండనీ. ఈ ఒక్క విషయంలో మాత్రం ఎవరు చెప్పినా తగ్గించుకునేది లేదు. చదివినవాళ్ళు ఎవరైనా నాలుగు రాళ్ళ కోసం ఇంత రాద్ధాంతమా అనుకుంటే వాళ్ళకో దండం, వాళ్ళతో నాకు మాటల్లేవు.

పుదుచ్చేరిలో, సారం పేటలోని ఒక సర్కారు ఆఫీసులో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి పోయిన ఏడాది రిటైరయ్యాను. మోకాళ్ళు పట్టేస్తున్నాయంటే డాక్టరు నడవమన్నాడు. అప్పటినుంచి రోజూ ఒర్లియంపేటలోని మా ఇంటి నుంచి సముద్రం దాకా నడిచి వెళ్ళి, కాసేపు కూర్చుని, కూరగాయలు కొనుక్కుని తిరిగొస్తాను. ఆ రోజు వచ్చే దారిలో, పసుపు గోడల వీధుల్లో ఒక పాత బంగళా గేటుకు పెద్ద బోర్డు కట్టి ఉంది. కొండల మీద మరుగున పడిన విమానాల బాటలు, పాత గనుల శిబిరాలు, వాటి ఫొటోల ప్రదర్శన అని రాశారు. ఇంగ్లీషులో ఒకసారి, ఫ్రెంచిలో ఒకసారి. తమిళం ఒక మూలన చీమల్లాంటి అక్షరాల్లో ఉంది. ప్రవేశం ఉచితం. ఉచితమంటే నేను ఆగేదాన్ని కాదు. పైగా ఎండెక్కింది, లోపల ఏసీ ఉంటుందని ఆశ.

ఏసీ ఉంది. గోడల నిండా ఫొటోలు. మంచు కొండల మీద విమానం దిగే చోట్లు, తేయాకు తోటల మధ్య గీత గీసినట్టున్న మట్టి బాటలు, తలుపులు ఊడిపోయిన గని షెడ్లు. ప్రతిదానికీ కింద అట్ట మీద నాలుగు వాక్యాలు. సంచీ చేతిలో పట్టుకుని వంకాయలు నలగకుండా జాగ్రత్తగా ఒక్కొక్కటే చూసుకుంటూ పోతున్నాను. మూడో గదిలో ఒక నలుపు తెలుపు ఫొటో దగ్గర నా కాళ్ళు ఆగిపోయాయి. ఒక పక్క సొట్టపడిన నీళ్ళ ట్యాంకు, దాని వెనుక కొండ, కొండ మీద చదును చేసిన పొడవాటి నేల, నేలకు రెండు వైపులా తెల్లటి రాళ్ళ వరుస. నేను పుట్టింది ఆ ట్యాంకుకు వంద గజాల దూరంలో.

వెలిగొండల్లో ఎక్కడో లోపల ఉండేది ఆ అభ్రకం గని. మా నాన్న గుంటలోకి దిగి రాతికి బెజ్జాలు కొట్టేవాడు. మా అమ్మ షెడ్లో కూర్చుని చాకుతో అభ్రకాన్ని పలచటి రేకులుగా విడదీసేది. అక్కడ మట్టి కూడా తళుక్కుమనేది. మా జుట్లో మెరుపులు, అన్నంలో మెరుపులు, చివరికి మా నాన్న దగ్గితే కఫంలో కూడా మెరుపులే. నాకు పన్నెండేళ్ళప్పుడు గని మూసేశారు. మా మేనమామ పుదుచ్చేరిలో బట్టల మిల్లులో పనిచేస్తూ ఉండేవాడు కాబట్టి మమ్మల్ని పిలిపించి మా నాన్నను అందులో చేర్పించాడు. మళ్ళీ ఆ కొండ ముఖం మేము చూడలేదు.

ఆ చదును నేలను మేము బయలు అనేవాళ్ళం. విమానాల బయలు. కొండ కింది నుంచి శిబిరానికి రోడ్డు ఉంది, కానీ లారీ ఎక్కితే ఒళ్ళు హూనమయ్యేది. యజమాని అంత బాధ పడలేక మద్రాసు నుంచి నెలకు రెండుసార్లు చిన్న విమానంలో దిగేవాడు. ఆయనకు బయలు తయారైంది కాబట్టి రోడ్డు సంగతి అందరూ మరిచిపోయారు. ఆ విమానంలో యజమాని కుక్క ఎక్కడం నేను కళ్ళారా చూశాను. కాన్పు కష్టమైన మనిషి మాత్రం ఒక్కతీ ఎక్కలేదు. అలాంటివాళ్ళను మంచం మీద మోసుకుని కొండ దిగేవారు. దిగేలోపల కొందరు పోయేవారు.

బయలు పని ఆడవాళ్ళది. విమానం వచ్చే ముందురోజు షెడ్డు నుంచి ఏడెనిమిది మందిని తప్పించి అక్కడికి పంపేవారు. పది అడుగులకు ఒక రాయి చొప్పున రెండు వైపులా నిలబెట్టి ఉండేవి. వానకు ఒరిగిన రాళ్ళను తీసి, గుంట మళ్ళీ తవ్వి పాతాలి. అన్నిటికీ సున్నం కొట్టాలి. పైలట్‌కు పైనుంచి కనిపించాలి కదా. బడి లేని రోజుల్లో నేను అమ్మ వెంట సున్నం బకెట్టు మోసుకుని వెళ్ళేదాన్ని.

ఇప్పుడు అసలు సంగతి చెప్పాలి.

శిబిరంలో ఎవరినీ పూడ్చకూడదని కంపెనీ రూలు పెట్టింది. లీజు భూమి, ఎక్కడపడితే అక్కడ తవ్వకూడదట. కొండను కడుపు దాకా తవ్వుకున్నవాళ్ళకు జానెడు గుంట అడ్డమొచ్చింది! పెద్దవాళ్ళు పోతే లారీలో కిందికి దించేవారు. కింద ఊళ్ళో వాళ్ళు, ఎక్కడెక్కడి నుంచో వచ్చిన గని కూలీలకు మా శ్మశానంలో చోటేమిటని తగువుకొచ్చేవారు. పసిబిడ్డలు పోతే ఆ లారీ కూడా లేదు. పసిబిడ్డలకు దహనం లేదు, పూడ్చడమే. పూడ్చడానికి చోటు లేదు. మరి ఏం చెయ్యాలి?

ఆడవాళ్ళే దారి కనిపెట్టారు. రాయి పాతడానికి గుంట తవ్వడం వాళ్ళకు ఇచ్చిన పనే. తవ్వుతుంటే ఎవరూ ఏమీ అడగరు. కాబట్టి కొంచెం లోతుగా తవ్వారు. బిడ్డను సున్నం గంపలో గుడ్డ కింద పెట్టుకుని తెచ్చి, గుంటలో పడుకోబెట్టి, మట్టి వేసి, పైన రాయి నిలబెట్టి సున్నం కొట్టారు. పట్టపగలు, సూపర్‌వైజరు ఎదురుగా. తూర్పు కొసన మట్టి మెత్తగా ఉంటుంది కాబట్టి అందరూ అక్కడే పెట్టారు. అందుకని అక్కడ పది అడుగులకు ఒకటి ఉండాల్సిన రాళ్ళు మూడడుగులకు ఒకటి అయ్యాయి. సూపర్‌వైజరు ఒకసారి అడిగాడట, ఇక్కడెందుకు ఇన్ని అని. ఈ కొసన మట్టి జారుతోంది సామీ, రాళ్ళు పట్టి నిలబెడతాయి అన్నారట. బాగుంది, అలాగే చెయ్యండి అన్నాడట.

నాకు ఆరేళ్ళప్పుడు మా అమ్మకు మగబిడ్డ పుట్టి పదకొండో రోజున పోయాడు. పేరు కూడా పెట్టలేదు. ఆ రోజు కూడా బకెట్టు నేనే మోశాను. అమ్మ ఏడవలేదు. అక్కడున్న ఏ ఆడమనిషీ ఏడవలేదు. ఏడిస్తే సూపర్‌వైజరు చూస్తాడు, చూస్తే తవ్వి తీయిస్తాడు. రాయి నిటారుగా ఉందో లేదో అమ్మ ఒక కన్ను మూసి చూసి, కొంచెం సర్ది, సున్నం కుంచె తీసుకుని పక్క రాయికి వెళ్ళిపోయింది.

ఇదీ ఆ రాళ్ళ కథ. మరి ఆ ఫొటో కింద అట్ట మీద ఏం రాశారో తెలుసా? తూర్పు కొసన రాళ్ళను దగ్గరదగ్గరగా పాతించడంలో ఆనాటి ఇంజినీర్ల ముందుచూపు గమనించండి, బాట అయిపోతోందని పైలట్‌కు అదొక హెచ్చరిక, అని. ఇంజినీర్ల ముందుచూపు! రెండుసార్లు చదివాను. మూడోసారి చదివేసరికి చెవుల్లోంచి ఆవిరి వచ్చింది. ఫొటోలో ఒక పక్క ఇద్దరు ఆడవాళ్ళు నడుం వంచి సున్నం కొడుతున్నారు. వాళ్ళను గురించి ఒక్క ముక్క లేదు. పక్కన శిబిరం ఫొటోకు దయ్యాల శిబిరమని పేరు పెట్టారు. ఆ దయ్యాల్లో ఒకతి వంకాయల సంచీతో ఎదురుగా నిలబడి ఉందని వాళ్ళకేం తెలుసు?

ఇది పెట్టినవాళ్ళు ఎవరని అక్కడి గార్డును అడిగితే ఒక కుర్రాయన్ని పిలిచాడు. ముప్పై ఏళ్ళుంటాయి, తెల్లటి నార చొక్కా, మంచి మర్యాద. ఆ మర్యాదే నన్ను మరీ మండించింది. తమిళంలో చెప్పాను, ఈ రాసింది తప్పు, ఆ రాళ్ళ కింద బిడ్డలున్నారు అని. ఆయన తల ఊపుతూ ఓపికగా విన్నాడు.

"చాలా ఇంట్రెస్టింగ్ మేడమ్. దీనికి ఆధారం ఏమన్నా ఉందా?"

"మా అమ్మ ఉంది."

నవ్వాడు. "కాగితం లాంటిది ఉంటే బాగుంటుంది. మాకు అప్పటి ఇంజినీరుగారి మనవడు ఆల్బమ్ ఇచ్చాడు. అట్ట మీద రాసిందంతా అందులోదే."

దొంగచాటుగా బిడ్డల్ని పూడ్చినవాళ్ళు రసీదు రాయించుకోవాలి కాబోలు! అదే మాట అన్నాను. ఆయన నొచ్చుకున్నట్టు ముఖం పెట్టి, మీ అభిప్రాయం ఇందులో రాయండని ఒక పుస్తకం ముందుకు తోశాడు. కోపంలో నాకు తెలుగే వస్తుంది. శిబిరంలో బడి పంతులు దిద్దించిన అక్షరాలు, మా వీధిలో నేను తప్ప చదివేవాళ్ళు లేని అక్షరాలు. పేజీ నిండా రాశాను. ఆయన వంగి చూసి, ఎంత అందమైన లిపి, గుండ్రంగా ముత్యాల్లా ఉంది అని ఫోనుతో ఫొటో తీసుకున్నాడు. దున్నపోతు మీద వాన కురిస్తే దున్నపోతైనా ఒళ్ళు విదిలిస్తుంది.

పోతూ పోతూ ఇంకో మాట చెప్పాడు. ఆ కొండ చోటును వాళ్ళ కంపెనీ తీసుకుందట. పాత షెడ్లను బాగుచేసి రిసార్టు కడుతున్నారట. బయలు కూడా బాగైందట, వచ్చే నెల నుంచి చిన్న విమానాల్లో అతిథులను తెస్తారట. ఈ ప్రదర్శన పెట్టింది అందుకేనట. నేను ఆ పెద్ద ఫొటోను ఫోనులో తీసుకుని బయటపడ్డాను.

అమ్మకు ఎనభై దాటాయి. మోకాళ్ళు నాకంటే గట్టివి. నేను ఇంట్లోకి అడుగుపెట్టేసరికి వరండాలో కూర్చుని మునగాకు దూస్తోంది.

"ఏందే పాపా, మొగం అట్టుండాది? ఎవురితో పెట్టుకున్నావు?"

ఫోను చేతికిచ్చాను. కళ్ళద్దాలు పెట్టుకుని చూసింది. చాలాసేపు చూసింది. నేను వేళ్ళతో ఫొటోను పెద్దది చేసి తూర్పు కొసను ముందుకు తెచ్చాను.

"యాడిదే ఈ పడం? మన బయలు గదా."

"బీచి దగ్గర బంగళాలో పెట్టారమ్మా."

అమ్మ వేలు ఒక్కొక్క రాయి మీదే జరిగింది. "ఇది మేస్త్రీ పెళ్ళాందే. దీనికింద కవల బిడ్డలు. ఇద్దురికీ ఒగటే రాయి. రెండు పెడితే లెక్క తప్పుతుందని సూపర్‌వైజరు అడగతాడని ఒగటే పెట్టింది. ఇది షెడ్లో నా పక్కన కూసునేదాని కూతురు. ఇది వంటామె మనవరాలు, మూణ్ణాళ్ళ పసిగుడ్డు." వేలు ఆగింది. "ఇది మనోడు."

అరవై ఏళ్ళు కావస్తోంది. ఆమె ఇంట్లో ఆ బిడ్డ మాట ఎత్తగా నేను వినలేదు. మనోడు అని ఎంత మామూలుగా అనిందంటే, వాడు ఇప్పుడే పాల ప్యాకెట్ తేవడానికి కొట్టుకు వెళ్ళాడేమో అనిపించింది.

"కింద ఏం రాసుండారు?" అని అడిగింది. అమ్మకు చదువు రాదు. చెప్పకుండా ఉందామనుకున్నాను కానీ చెప్పేశాను. ఇంజినీర్లు పైలట్ కోసం పాతించారట అన్నాను.

అమ్మ గట్టిగా నవ్వింది. "ఇంజినీరా? ఆ యప్ప గొడుగు కూడా సొంతంగా పట్టుకోడు. రాయెత్తినాడా!" తర్వాత నవ్వు ఆపి అడిగింది. "ఇప్పుడుండాయా ఆ రాళ్ళు?"

గంటసేపు అట్ట మీది అక్షరాల కోసం పోట్లాడి వచ్చాను, రాళ్ళున్నాయా లేవా అని అడగలేదు. ఇంజినీర్లకు దక్కిన పేరు మీదే నా మంటంతా. అందుకు నా మీద నాకు వచ్చిన కోపం ఆ కుర్రాయన మీద వచ్చినదానికేమీ తీసిపోదు.

"అడగలేదమ్మా."

"అడగాల్సింది అదే గదే," అంది అమ్మ. "ఉంటే చాలు. ఒగసారి పొయ్యి సున్నం కొట్టొస్తాను. సచ్చేలోపల ఒక్కసారి. రేపు నన్ను కూడా తీసకపో, నేనడగతాను."

మర్నాడు ఆటోలో వెళ్ళాం. అమ్మ మంచి చీర కట్టుకుంది. బంగళా లోపల మెరిసే నేల మీద చెప్పులు విడిచి చేతిలో పట్టుకుని నడిచింది, వద్దన్నా వినలేదు. ఫొటో ముందు నిలబడి చీర కొంగుతో అద్దం తుడిచింది. గార్డు తాకకూడదు పాటీ అన్నాడు, తమిళంలో అవ్వా అన్నట్టు. నేను కళ్ళెర్రజేసి చూసేసరికి పక్కకు తప్పుకున్నాడు.

నార చొక్కా కుర్రాయన వచ్చాడు. ఈవిడే మా ఆధారం అన్నాను. ఈసారి అతని కళ్ళు మెరిశాయి. గబగబా అన్నాడు, మేడమ్, ఇదంతా పాటీ నోటితో కెమెరా ముందు చెప్తే చాలా బాగుంటుంది, రిసార్టులో గోడకు టీవీ పెట్టి రోజూ వేస్తాం, అతిథులకు ఇలాంటి కథలంటే ప్రాణం, మీ ఇద్దరికీ ఒక రాత్రి బస ఉచితం అని.

ఉచితమంటే ఆగేదాన్ని కాదని నేనే చెప్పాను. ఆ రోజు మాత్రం ఆ మాట వింటే ఒళ్ళంతా కారం రాసినట్టయింది. చచ్చిన బిడ్డల తల్లిని అతిథుల సాయంత్రం కాలక్షేపానికి టీవీలో కూర్చోబెడతారట! అరిచాను. ఏమని అరిచానో వరుసగా గుర్తులేదు. ఫొటోలు చూస్తున్న విదేశీ జంట ఒకటి గది ఖాళీ చేసి వెళ్ళడం గుర్తుంది. అమ్మ నా మోచేయి పట్టుకుంది.

"నువ్వు ఊరుకో పాపా. నేను అడగాల్సింది అడగనీ." అతని వైపు తిరిగి తమిళంలోకి మారింది. "తంబీ, ఈ రాళ్ళు ఇప్పుడు అక్కడ ఉన్నాయా?"

"ఉన్నాయి పాటీ! ఒక్కటి కూడా పారెయ్యలేదు," అన్నాడు ఉత్సాహంగా. ఫోను తీసి రంగుల ఫొటో చూపించాడు. గుండ్రంగా పేర్చిన రాళ్ళు, మధ్యలో నిప్పు వేసుకునే గుంట, చుట్టూ మెత్తలు. సాయంత్రాలు అతిథులు కూర్చుని చలి కాచుకునేది అక్కడేనట. పాత రాళ్ళు కాబట్టి అందం వచ్చిందట. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, ఎంత గర్వంగా చూపించాడో.

అమ్మ ఆ ఫొటోను ఎక్కువసేపు చూడలేదు. రాళ్ళ మీద మనుషులు కూర్చుంటారా అని నేను మండిపడుతుంటే ఆమె మాత్రం చెయ్యి విదిల్చింది.

"రాళ్ళు పోనీ. రాళ్ళదేముంది. రాళ్ళు తీసిన చోట నేల అట్లాగే ఉందా? తవ్వారా?"

అతను తెలియకే చెప్పాడు. నేను చెప్పిందాన్ని నిన్న నిజంగా విని ఉంటే అంత హుషారుగా చెప్పేవాడు కాదు. తూర్పు కొస పల్లంగా, మెత్తగా ఉండేదట. విమానం చక్రం కూరుకుపోతుందని జేసీబీ పెట్టి ఆరడుగుల లోతు తవ్వేసి, మట్టంతా లోయలోకి తోసేసి, కంకరతో నింపారట. ఇప్పుడు బల్లలా చదునుగా ఉంది, ఎవరికీ ఏ ప్రమాదం లేదు పాటీ, అన్నాడు.

అతను ఇంకేదో చెప్తున్నాడు. అమ్మ చెప్పులు నేల మీద పెట్టి వేసుకుంది. "సీక్రం రా, ఇంటికి పోదాం," అంది.

ఆటోలో అంతసేపూ బయటికే చూస్తూ కూర్చుంది. ఇంటికి రాగానే నేరుగా పెరటి వైపు నడిచింది. మోటారు వేసి డ్రమ్ము నింపమంది. ఎండకు అలసిందేమో, ముఖం కడుక్కుంటుందనుకున్నాను. బయటి చీరతోనే గచ్చు మీద కూర్చుని, ముడి విప్పుకుని, జుట్టు ముందుకు వేసుకుంది.

"తలకు నీళ్ళు పొయ్యి."

"మధ్యాహ్నం పూట ఏంటమ్మా, జలుబు చేస్తుంది."

"చావు కబురు ఇంటే పోసుకోవద్దా?" అంది. "ఆ పొద్దు పోసుకోలేదే. తడి తలతో పోతే సూపర్‌వైజరు అడగతాడని పనిలోనే ఉంటిని. వాడు యాడికీ పోలేదు, ఆ రాయి కిందనే ఉండాడు గదా, తర్వాత పోసుకుందాంలే అనుకుంటా వచ్చినాను."

చెంబుతో పోశాను. తెల్లటి జుట్టు మీద నుంచి నీళ్ళు కారి భుజాల మీదుగా గచ్చు మీదికి పోయాయి. ఆమె ఏడ్చింది. గొంతెత్తి, పక్కింటివాళ్ళు గోడ మీదుగా తొంగి చూసేంత గట్టిగా ఏడ్చింది. ఆపమని నేను అనలేదు. పోస్తూనే ఉన్నాను.

డ్రమ్ము సగానికి వచ్చాక అమ్మ ముఖం మీది నీళ్ళు తుడుచుకుని నా చేతిలోంచి చెంబు తీసుకుంది.

"ఇంక నువ్వు కూసో పాపా. నువ్వూ పోసుకోవాల. అక్కవి గదా."

కూర్చున్నాను.